పరాయి సుంకం, పరాధీన ఖజానా: 2025 అమెరికా సుంకాలు, లెసోతో ప్రభుత్వ విత్తం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రకటించిన 'పరస్పర సుంకాల' జాబితాలో అత్యధిక రేటు 50 శాతం. ఆ రేటు పడిన దేశం దక్షిణ ఆఫ్రికాలోని లెసోతో. ఎగుమతులు పడిపోతే ఖజానా కూలుతుందని ఒక వాదం, బడ్జెట్ మిగులులో ఉంది కనుక గండం లేదని మరొక వాదం ఆ తర్వాత వినిపించాయి. ఈ రెండు వాదాలూ ఎగుమతి రంగానికీ ఖజానాకూ మధ్య నేరుగా సంబంధం ఉందనే భావన మీద నిలిచాయి. లెసోతోలో ఆ సంబంధం చాలా పలుచన. ఎగుమతి కర్మాగారాల మీద పన్ను వేసే హక్కును ప్రభుత్వం రెండు దశాబ్దాల క్రితమే వదులుకుంది. దాని ప్రధాన ఆదాయం పొరుగుదేశపు దిగుమతుల మీద ఆధారపడి ఉంది. అందువల్ల పరాయి సుంకం చేసే నష్టం ముందుగా కుటుంబాల మీద పడుతుంది. ఖజానాను ఆలస్యంగా, అడ్డదారిలో చేరుతుంది. ఖజానాకు వెంటనే దెబ్బ తగలకపోవడం భద్రతకు గుర్తు కాదనీ, అదే లోతైన సమస్య అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లెసోతో, పరస్పర సుంకాలు, అగోవా చట్టం, దక్షిణాఫ్రికా సుంక సమాఖ్య, పన్ను మినహాయింపులు, ప్రభుత్వ విత్తం.

1. ప్రవేశిక

లెసోతో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. 2025-26 బడ్జెట్ అమలులోకి వచ్చిన రెండో రోజునే ఆ దేశపు ఎగుమతుల మీద 50 శాతం సుంకం ప్రకటన వెలువడింది. జనాభా దాదాపు 23 లక్షలు. నాలుగు వైపులా దక్షిణాఫ్రికా భూభాగమే. సముద్రతీరం లేదు, సొంత రేవు లేదు. 1966లో స్వాతంత్ర్యం పొందిన ఈ పర్వత రాజ్యానికి పెద్ద ఉపాధి వనరులు మూడు: ప్రభుత్వోద్యోగం, దక్షిణాఫ్రికా గనులకు వలస, రాజధాని మసేరులోనూ మపుట్సోవే పట్టణంలోనూ ఉన్న దుస్తుల కర్మాగారాలు. వీటిలో గనుల ఉపాధి 1990ల నుంచి క్షీణిస్తూ వచ్చింది. ఆ ఖాళీని కొంతవరకు పూడ్చినవి దుస్తుల కర్మాగారాలే. వాటిలో కుట్టుపని చేసేవారిలో అత్యధికులు స్త్రీలు.

2000 మేలో అమెరికా చేసిన ఆఫ్రికా వృద్ధి, అవకాశాల చట్టం (అగోవా) ఈ కర్మాగారాలకు ప్రాణం పోసింది. ఆసియా నుంచి తెచ్చుకున్న వస్త్రంతో కుట్టిన దుస్తులకు కూడా అమెరికాలో సుంకం లేని ప్రవేశం లభించింది. 2004 నాటికి ఈ రంగంలో ఉపాధి 50 వేలు దాటింది. 2025 ప్రారంభానికి అది సుమారు 30 వేలకు తగ్గింది. వారిలో దాదాపు 12 వేల మంది అమెరికా విపణి కోసమే పనిచేసే కర్మాగారాలలో ఉన్నారు.

ఇటువంటి దేశం మీద భారీ సుంకం పడితే ప్రభుత్వ విత్తం ఏమవుతుంది? పాఠ్యపుస్తకం ఇచ్చే సమాధానం తిన్నగా ఉంటుంది. ఎగుమతులు తగ్గుతాయి, లాభాలు తగ్గుతాయి, పన్నులు తగ్గుతాయి, లోటు పెరుగుతుంది. లెసోతో విషయంలో ఈ గొలుసులోని నడిమి లంకె లేదు. ఆ లంకె ఎందుకు లేదు, అది లేకపోవడం వల్ల నష్టం ఎవరి మీద పడుతుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. పరిశీలనా కాలం 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే సుంకాల ప్రకటన మొదలు అగోవా గడువు ముగింపు దాకా.

2. '99 శాతం' ఆరోపణలోని డొల్లతనం

అమెరికా ప్రదర్శించిన పట్టికలో లెసోతో తమ సరుకుల మీద 99 శాతం సుంకం విధిస్తోందని ఉంది. దానిలో సగాన్ని తీసుకుని 50 శాతంగా నిర్ణయించారు. ఈ 99 ఏ సుంకపు పట్టికలోనూ లేదు. అమెరికా వాణిజ్య గణాంకాల ప్రకారం 2024లో లెసోతో నుంచి ఆ దేశం చేసుకున్న దిగుమతి 23.73 కోట్ల డాలర్లు, లెసోతోకు పంపిన ఎగుమతి 28 లక్షల డాలర్లు. లోటు 23.45 కోట్ల డాలర్లు. లోటును దిగుమతితో భాగిస్తే వచ్చేది దాదాపు 99 శాతం. అమెరికా అధికారులు ప్రకటించిన సూత్రంలో రెండు గుణకాలు కూడా ఉన్నాయి. వాటి విలువలు 4, 0.25. ఆ రెండింటి లబ్ధం 1. కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, సూత్రంలో చివరకు ఆ భాగహారమే మిగిలింది.

ఈ భాగహారంలో రెండు దోషాలు ఉన్నాయి. మొదటిది, అది పేదరికాన్ని సుంకంగా లెక్కగట్టింది. అమెరికా సరుకు కొనగల స్తోమత లేని దేశం ఆ సూత్రంలో అమెరికా సరుకును అడ్డుకునే దేశంగా కనిపిస్తుంది. పైగా దక్షిణాఫ్రికా రేవుల మీదుగా, అక్కడి టోకు వర్తకుల చేతుల మీదుగా వచ్చే అమెరికా సరుకు లెసోతో ఖాతాలో నమోదయ్యే అవకాశం తక్కువ.

రెండో దోషం మరింత మౌలికమైనది. లెసోతోకు సొంత సుంకపు విధానం లేదు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, ఎస్వాతినీలతో కలిసి అది దక్షిణాఫ్రికా సుంక సమాఖ్యలో సభ్యదేశం. 1910 నాటి ఒప్పందం మీద నిలిచిన ఈ సమాఖ్యకు బయటి దేశాల సరుకుల మీద ఉమ్మడి సుంకం ఉంటుంది. దానిని ఆచరణలో నిర్ణయించేది దక్షిణాఫ్రికా. ఆ ఉమ్మడి సుంకపు సాధారణ సగటు 8 శాతం లోపే. అంటే తాను విధించని, మార్చే అధికారం కూడా లేని సుంకానికి లెసోతో శిక్ష అనుభవించింది. తర్వాతి సంప్రదింపులలో మసేరు ప్రభుత్వం ఏ రాయితీ ఇవ్వజూపినా, సుంకాల విషయంలో అది ప్రిటోరియా అనుమతికి లోబడినదే. బేరానికి కూర్చున్నవారి చేతిలో బేరమాడే వస్తువే లేదు.

3. వదులుకున్న పన్ను

ఎగుమతి విలువ లెసోతో స్థూల దేశీయోత్పత్తితో పోలిస్తే చిన్నది కాదు. అమెరికాకు వెళ్ళే సరుకు ఒక్కటే అందులో సుమారు పదో వంతుకు సమానం. కానీ ఈ విలువలో ఖజానాకు చేరేది ఎంత అన్నది వేరే ప్రశ్న. పన్నులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే సమాధానం స్పష్టమవుతుంది.

కంపెనీ లాభాల పన్ను: తయారీ రంగానికి రేటు 10 శాతం. సుంక సమాఖ్య వెలుపలకు చేసే తయారీ ఎగుమతుల లాభం మీద 0 శాతం. అమెరికా సమాఖ్య వెలుపలిది కనుక ఆ లాభం మీద పన్ను లేదు.

దిగుమతి సుంకం: ఎగుమతి కోసం తెచ్చుకునే వస్త్రం, దారం, గుండీలకు సుంకం నుంచి పూర్తి మినహాయింపు ఉంది.

విలువ ఆధారిత పన్ను: సాధారణ రేటు 15 శాతం. ఎగుమతులకు శూన్య రేటు. కర్మాగారం చెల్లించిన పన్ను వాపసు వస్తుంది.

వ్యక్తిగత ఆదాయపు పన్ను: సాధారణ కుట్టు కార్మికురాలి వేతనం పన్ను పరిమితికి దిగువనే ఉంటుంది. పర్యవేక్షకులు, నిర్వాహకుల నుంచి మాత్రమే కొంత వస్తుంది.

ఈ మినహాయింపులను అవివేకమని కొట్టివేయడం న్యాయం కాదు. సముద్రానికి దూరంగా, రాళ్ళ కొండల మధ్య ఉన్న దేశానికి తైవాన్ పెట్టుబడిదారు రావాలంటే ఏదో ఒక ఆకర్షణ కావలసి వచ్చింది. పొరుగు దేశాలన్నీ అదే ఆకర్షణను చూపుతున్న కాలమది. పన్ను వదులుకుని ఉపాధిని కొనుక్కోవడం అప్పటి లెసోతోకు అందుబాటులో ఉన్న కొద్దిపాటి మార్గాలలో ఒకటి. అయితే ప్రతి బేరానికీ ఒక మూల్యం ఉంటుంది. ఇక్కడి మూల్యం ఏమిటంటే, కర్మాగారం బాగున్నప్పుడు ఖజానాకు రాబడి లేదు, కర్మాగారం చెడినప్పుడు ఖజానాకు నొప్పి లేదు. బాగోగులు రెండింటిలోనూ రాజ్యం ఆ రంగానికి దూరమైంది.

4. ఒక అంచనా లెక్క

ఈ దూరం ఎంతో తెలుసుకోవడానికి ఒక లెక్క వేయవచ్చు. ఇది గణాంకం కాదు, పరిమాణాన్ని గ్రహించడానికి చేసుకున్న ఊహ మాత్రమే. అమెరికా విపణి మీద ఆధారపడిన 12 వేల ఉద్యోగాలూ ఒకేసారి పోయాయనుకోవాలి. ఒక్కొక్కరి నెల వేతనం 2,500 మలోటి అనుకోవాలి. (లెసోతో ద్రవ్యమైన మలోటి విలువ దక్షిణాఫ్రికా రాండ్‌తో సమానం.) నెలకు 3 కోట్లు, ఏడాదికి 36 కోట్ల మలోటి వేతనం పోతుంది. ఈ మొత్తమంతా 15 శాతం పన్ను ఉన్న సరుకుల మీదే ఖర్చవుతుందనుకున్నా, పోయే విలువ ఆధారిత పన్ను సుమారు 4.7 కోట్ల మలోటి. మొక్కజొన్న పిండి వంటి నిత్యావసరాలకు శూన్య రేటు ఉంది కనుక అసలు నష్టం ఇంతకంటే తక్కువే ఉండాలి.

దీనికి సరిపోల్చవలసిన అంకె సుంక సమాఖ్య ఉమ్మడి నిధి నుంచి లెసోతోకు వచ్చే వాటా. ఇటీవలి సంవత్సరాలలో అది సుమారు 1,000 కోట్ల మలోటి స్థాయిలో ఉంది. 4.7 కోట్లు అందులో అర శాతానికి కూడా చేరదు. కర్మాగారాల చుట్టూ అద్దె గదులు, మధ్యాహ్న భోజనాలు, టాక్సీల మీద బతికేవారి నష్టాన్ని కలిపి మూడింతలు చేసినా దాదాపు 1.4 శాతం. అదే ఉమ్మడి నిధి వాటా ఒక ఏడాది 10 శాతం మారితే తేడా 100 కోట్లు. అంటే 12 వేల కుటుంబాల జీవనాధారం మొత్తం తుడిచిపెట్టుకుపోయినా, ఖజానా పద్దులో అది ఉమ్మడి నిధి ఏటేటా పడే ఒడిదుడుకులలో గుర్తు పట్టలేని గీత.

చరిత్రలో దీనికి సాక్ష్యం ఉంది. 2005 జనవరి 1న ప్రపంచ వస్త్ర వాణిజ్యంలో కోటాల వ్యవస్థ ముగిసింది. చైనా పోటీతో లెసోతోలో కర్మాగారాలు మూతపడ్డాయి, వేల మంది పని కోల్పోయారు. సరిగ్గా ఆ తర్వాతి సంవత్సరాలలోనే దక్షిణాఫ్రికా దిగుమతులు పెరగడంతో ఉమ్మడి నిధి ఉబ్బింది, లెసోతో బడ్జెట్ మిగులులోకి వచ్చింది. ఇందుకు విరుద్ధంగా, 2009 ప్రపంచ మాంద్యంలో దక్షిణాఫ్రికా దిగుమతులు కుంగడంతో 2010-11లో లెసోతో వాటా అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణ కార్యక్రమంలో చేరవలసి వచ్చింది. ఖజానా గడియారం కర్మాగారపు సైరనుతో నడవదని ఈ రెండు అనుభవాలూ తెలుపుతాయి.

5. ఉమ్మడి నిధి: ఆలస్యంగా వచ్చే దెబ్బ

అలాగని సుంకం ఖజానాను తాకదనడం సరికాదు. 'మిగులు బడ్జెట్ ఉంది' అనే ఊరటవాదం పొరబడుతున్నది ఇక్కడే. 2023-24, 2024-25 సంవత్సరాల మిగులుకు రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి ఉమ్మడి నిధి వాటా పెరగడం. రెండోది 1986 ఒప్పందం ప్రకారం దక్షిణాఫ్రికాకు తరలించే కొండనీటి మీద రాయల్టీ సవరణ. రెండూ దక్షిణాఫ్రికా నుంచి వచ్చేవే. దేశీయ పన్నుల బలం వల్ల ఏర్పడిన మిగులు కాదది.

2002లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉమ్మడి నిధిని మూడు భాగాలుగా పంచుతారు. కస్టమ్స్ భాగం సభ్యదేశాలు పరస్పరం చేసుకునే దిగుమతులలో ఒక్కొక్క దేశపు నిష్పత్తిని బట్టి అందుతుంది. ఎక్సైజ్ రాబడిలో 85 శాతం స్థూల దేశీయోత్పత్తి నిష్పత్తిలో వెళుతుంది. మిగిలిన 15 శాతం అభివృద్ధి భాగం. తలసరి ఆదాయం తక్కువ ఉన్న దేశానికి కొంత ఎక్కువ వస్తుంది. చెల్లింపులు ముందస్తు అంచనాల మీద జరుగుతాయి. అంచనాకూ వాస్తవానికీ తేడా ఉంటే రెండేళ్ల తర్వాత సర్దుబాటు చేస్తారు.

ఈ సూత్రంలో పరాయి సుంకం ఖజానాను చేరే దారులు రెండున్నాయి.

మొదటి దారి కుటుంబాల మీదుగా పోతుంది. బసోతో కుటుంబం కొనే పిండి, నూనె, సబ్బు, దుస్తులలో అత్యధిక భాగం దక్షిణాఫ్రికా నుంచి వచ్చేవే. కస్టమ్స్ భాగానికి కొలబద్ద ఈ కొనుగోలే. వేతనం పోయిన ఇంట్లో కొనుగోలు తగ్గితే లెసోతో దిగుమతి తగ్గుతుంది, దానితో ఉమ్మడి నిధిలో నిష్పత్తి కూడా తగ్గుతుంది. కర్మాగారం తెచ్చుకునే ఆసియా వస్త్రం ఈ కొలతలోకి రాదు. కార్మికురాలు కొనే పిండి బస్తా వస్తుంది. ఎగుమతి రంగం ఖజానాకు చేసే నిజమైన సేవ ఇక్కడ, వేతనం రూపంలో దాగి ఉంది. అయితే పన్నుల శాఖ లెక్కల్లో అది కనబడదు. కనబడేనాటికి కర్మాగారం మూతపడి చాలా కాలమై ఉంటుంది.

రెండో దారి దక్షిణాఫ్రికా మీదుగా పోతుంది. 2025 ఆగస్టు 7 నుంచి దక్షిణాఫ్రికా సరుకుల మీద అమెరికా 30 శాతం సుంకం అమలు చేసింది. మోటారు వాహనాల మీద వేరే సుంకాలు అప్పటికే ఉన్నాయి. అక్కడి ఆదాయాలు తగ్గి దిగుమతులు కుంగితే ఉమ్మడి నిధి చిక్కిపోతుంది. ఈ ప్రభావం ఒకే దిశలో సాగుతుందని చెప్పలేము. దక్షిణాఫ్రికా వాహన పరిశ్రమకు ఉత్పత్తి ఆధారంగా దిగుమతి సుంకాల రాయితీ పత్రాలు అందుతాయి. ఉత్పత్తి తగ్గితే రాయితీలు తగ్గి, ఆ మేరకు వసూలు పెరగవచ్చు కూడా. కానీ నికరంగా ఏమి జరిగినా అది ప్రిటోరియాలోనూ వాషింగ్టన్‌లోనూ జరిగే నిర్ణయాల ఫలితం. మసేరు ఆర్థిక మంత్రిత్వశాఖ చేయగలిగింది ఆ అంకెను అందుకుని బడ్జెట్‌లో రాసుకోవడమే.

ఇక్కడ ఒక విపర్యాసం ఉంది. లెసోతో ప్రభుత్వాన్ని నడిపేది సుంకం, లెసోతో ఉపాధిని కూల్చేది సుంకం. మొదటిది పొరుగుదేశం తన పరిశ్రమల రక్షణ కోసం విధించినది; దాని భారాన్ని పెరిగిన ధరల రూపంలో బసోతో వినియోగదారులు కూడా మోస్తున్నారు. రెండోది సముద్రాల అవతలి దేశం తన వాణిజ్య లోటు కోసం విధించినది. ఈ రెంటి మధ్య లెసోతోకు సొంతమని చెప్పుకోదగిన విత్త సాధనాలు కొద్ది. ద్రవ్యం రాండ్‌కు ముడిపడి ఉంది కనుక మారకపు విలువను తగ్గించి ఎగుమతిదారుకు ఊపిరి ఇవ్వడం కూడా సాధ్యం కాదు. సర్దుబాటు భారం వేతనం మీద, ఉద్యోగం మీద పడక తప్పదు.

6. అమలు కాని రేటు, జరిగిన నష్టం

50 శాతం రేటు లెసోతో సరుకు మీద నిలదొక్కుకోలేదు. ఏప్రిల్ 9న 90 రోజుల విరామం ప్రకటించారు. ఆ వ్యవధిలో 10 శాతం సాధారణ రేటు నడిచింది. జులై 31 నాటి ఉత్తర్వు దానిని 15 శాతంగా స్థిరపరచింది, ఆగస్టు 7 నుంచి అది వర్తించింది. ఈ వరుసను చూసి గండం గడిచిందన్న వ్యాఖ్యలు వచ్చాయి. దుస్తుల వ్యాపారం నడిచే తీరు తెలిసినవారు ఈ మాటను అంగీకరించలేరు. అమెరికా కొనుగోలుదారు నెలల ముందుగా ఆర్డరు పెడతాడు. ఓడ చేరేనాటికి సుంకం 10 శాతమా 50 శాతమా తెలియని స్థితిలో అతడు ఆర్డరు పెట్టడు. ఆర్డరు లేని నెలలలో కర్మాగారం కార్మికులను ఇంటికి పంపుతుంది. తర్వాత రేటు తగ్గినా పోయిన ఋతువు తిరిగి రాదు. పైగా అదే ఉత్తర్వుల కింద కెన్యా, ఎస్వాతినీలకు 10 శాతమే ఉండగా లెసోతోకు 15 శాతం. లాభం సన్నగా ఉండే దుస్తుల వ్యాపారంలో 5 శాతం తేడా కొనుగోలుదారును మరో దేశానికి మళ్ళించడానికి చాలు.

సెప్టెంబరు 30న అగోవా గడువు ముగియడం రెండో దెబ్బ. నూలు జీన్స్ ప్యాంట్ల మీద అమెరికా సాధారణ సుంకం 16.6 శాతం. అగోవా ఉన్నంతకాలం లెసోతో జీన్స్ మీద అది శూన్యం. గడువు ముగిసిన వెంటనే ఏర్పడిన స్థితిలో 16.6, 15 కలిసి 31.6 శాతమైంది. పత్రికల దృష్టి అంతా 50 మీద నిలిచింది. కానీ కర్మాగారాల భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించినది ఆ 15 శాతం కాదు, నిశ్శబ్దంగా గడువు తీరిన పాత చట్టం.

ఈ నష్టం బడ్జెట్‌లో తొలుత కనిపించింది రాబడి పక్షాన కాదు, వ్యయం పక్షాన. 2025 జులైలో లెసోతో ప్రభుత్వం యువత నిరుద్యోగం, ఉద్యోగాల నష్టం కారణంగా జాతీయ విపత్తు స్థితిని ప్రకటించింది. 2027 జూన్ 30 వరకు అది అమలులో ఉంటుందని పేర్కొంది. కరవుకూ వరదకూ ఉపయోగించే చట్టపరమైన సాధనాన్ని నిరుద్యోగానికి వాడవలసి రావడం గమనించదగినది. నిరుద్యోగ బీమా వంటి స్థిరమైన ఏర్పాటు లేకపోవడం వల్లనే విపత్తు ప్రకటన దాని స్థానంలో నిలిచింది.

పద్దులో చేరని వ్యయబదిలీ మరొకటి ఉంది. 2004 నుంచి లెసోతోలో 70 ఏళ్ళు నిండినవారికి వృద్ధాప్య పింఛను అమలులో ఉంది. కుమార్తె వేతనం పోయిన ఇంట్లో అవ్వ పింఛనే మనవల కడుపు నింపుతుంది. బడ్జెట్‌లో పింఛను కేటాయింపు ఒక్క మలోటి కూడా పెరగదు. ఆ పింఛను మోసే బరువు మాత్రం రెట్టింపవుతుంది. అదే సంవత్సరం అమెరికా విదేశీ సహాయం నిలిచిపోవడంతో, హెచ్‌ఐవీ తీవ్రత ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాలలో ఒకటైన లెసోతోలో ఆరోగ్య వ్యయం కూడా ప్రభుత్వం వైపు జరిగింది. కర్మాగారాలకు షెడ్లు కట్టి అద్దెకిచ్చే ప్రభుత్వ అభివృద్ధి సంస్థ రాబడి కూడా బడ్జెట్‌కు వెలుపలి పద్దు. ఖాళీ షెడ్డు అద్దె నష్టం ఆర్థిక మంత్రి ప్రసంగంలో చోటు చేసుకోదు.

మరోవైపు ప్రభుత్వోద్యోగుల జీతాల భారం స్థూల దేశీయోత్పత్తిలో ఆరో వంతును మించి, ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలలో ఒకటిగా ఉంది. ఉమ్మడి నిధి నిండిన ఏడాది పెరిగిన జీతాలు, అది ఎండిన ఏడాది తగ్గవు. కాబట్టి మిగులు ఏడాదిలోనే పక్కన పెట్టని డబ్బు కష్టకాలంలో దొరకదు. ఊరటవాదం విస్మరించిన రెండో అంశం ఇదే.

7. తెలుగు నేలతో పోలిక

ఈ నిర్మాణం తెలుగు పాఠకులకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 2025 ఆగస్టు 27 నాటికి భారతీయ సరుకుల మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. దేశంలో రొయ్యల ఉత్పత్తికి ప్రధాన కేంద్రం ఆంధ్రప్రదేశ్, వాటికి ప్రధాన విపణి అమెరికా. అయినా ఈ నష్టం రాష్ట్ర బడ్జెట్‌లో రొయ్యల పేరిట ఎక్కడా నమోదు కాదు. వస్తు సేవల పన్నులో ఎగుమతులకు శూన్య రేటు. కస్టమ్స్ రాబడి కేంద్రానిది. రాష్ట్రానికి చేరేది ఆర్థిక సంఘం సూత్రం ప్రకారం వచ్చే పన్నుల వాటా. దెబ్బ ముందుగా చెరువు గట్టున, ప్రాసెసింగ్ షెడ్డులో రొయ్య వొలిచే స్త్రీల కూలిలో పడుతుంది.

పోలికకు హద్దు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ వాటాను నిర్ణయించే సూత్రంలో జనాభా, విస్తీర్ణం, ఆదాయపు అంతరం వంటివి ఉంటాయి. ఇళ్ళలో కొనుగోళ్ళు తగ్గినంత మాత్రాన ఆ వాటా తగ్గదు. పైగా అక్కున చేర్చుకోవలసిన బాధ్యత గల కేంద్రం ఒకటి ఉంది. లెసోతోకు సూత్రం ఉంది గాని, ఆ బాధ్యత మోసే కేంద్రం లేదు. ఉమ్మడి నిధిని నిర్వహించే దేశం దానికి పొరుగుదేశమే గాని ప్రభుత్వం కాదు.

8. ముగింపు

లెసోతో ఉదంతం నుంచి తేలేది ఇది. పరాయి సుంకం చిన్న ఎగుమతి దేశపు ఖజానాను ఎంత దెబ్బతీస్తుందన్న ప్రశ్నకు సమాధానం సుంకపు రేటులో దొరకదు. ఆ దేశం తన ఎగుమతి రంగంతో చేసుకున్న పన్ను ఒప్పందంలో, తన ప్రధాన ఆదాయపు మూలంలో దొరుకుతుంది. లాభం మీద పన్ను వేసే దేశానికి దెబ్బ అదే ఏడాది రాబడి పట్టికలో కనిపిస్తుంది, ప్రభుత్వం కదలక తప్పదు. లెసోతో వంటి దేశానికి అది రెండేళ్ళు ఆలస్యంగా, వేరే పేరుతో, వేరే కారణం వల్ల వచ్చినట్టుగా కనిపిస్తుంది. ఈ మధ్యకాలంలో నష్టాన్ని మోసేది కుటుంబం.

ఖజానా కూలుతుందన్న వాదం ఈ ఆలస్యాన్ని చూడలేదు. ఖజానా క్షేమమన్న వాదం ఆ ఆలస్యాన్నే భద్రత అనుకుంది. రెండూ ఖజానా ఆరోగ్యాన్ని దేశపు ఆరోగ్యానికి కొలమానంగా తీసుకోవడమే అసలు పొరపాటు. పౌరుల జీవనోపాధి కూలుతున్నా ఆదాయం తగ్గని ప్రభుత్వానికి ఆ కూలుడును గుర్తించవలసిన విత్తపరమైన అవసరం ఉండదు. రాజకీయ అవసరం మాత్రమే ఉంటుంది, అది ఎన్నికల పంచాంగాన్ని బట్టి వస్తూ పోతూ ఉంటుంది.

దీనికి విరుగుడు ఎగుమతి కర్మాగారాల మీద ఇప్పుడు పన్ను వేయడం కాదు. కుంగుతున్న రంగం మీద అదనపు భారం దానిని పూర్తిగా పొరుగుదేశాలకు తరుముతుంది. వదులుకున్న పన్నుకు బదులుగా రాజ్యం స్వీకరించవలసిన బాధ్యతను వ్యయం పక్షాన ముందుగానే నిర్దేశించడం సరైన దిశ. ఉమ్మడి నిధి సగటును మించి వచ్చిన ఏడాది, ఆ అదనంలో నిర్ణీత భాగం ఒక స్థిరీకరణ నిధికి చేరాలి. ఎగుమతి రంగంలో ఉద్యోగాలు ఒక స్థాయికి మించి పోయినప్పుడు, ఏ విపత్తు ప్రకటన కోసమూ ఎదురుచూడకుండా ఆ నిధి నుంచి కార్మికులకు చెల్లింపు మొదలుకావాలి. బడ్జెట్ పత్రాలలో రాబడి అంచనాల పక్కనే ఎగుమతి ఉపాధి అంచనా కూడా ప్రచురితం కావాలి. పొరుగుదేశపు దిగుమతుల వల్ల నిండే ఖజానాను, దూరదేశపు సుంకం వల్ల ఖాళీ అయ్యే ఇళ్ళతో ముడిపెట్టే లంకె ఈ విధంగా మాత్రమే ఏర్పడుతుంది. పన్నుల ద్వారా ఏర్పడని ఆ లంకెను చట్టం ద్వారా నిర్మించుకోవలసి ఉంది.